మట్టికి తోడు

మా అత్తయ్యగారూ మావయ్యగారూ నవంబరులో భీమవరం నుంచి సింగపూర్ వచ్చారు. వచ్చిన రెండో ఆదివారం అందరం బ్యూటీ వరల్డ్ ఎంఆర్‌టీ స్టేషన్‌లో దిగి బుకిట్ తిమా అడవికి నడిచాం. సుమారు 163 హెక్టార్ల అడవి. కొండ ఎత్తు కూడా దాదాపు 163 మీటర్లే. ఇంత ఊరి మధ్యలో ఇంత చిక్కటి అడవి ఉందంటే ఇండియా నుంచి వచ్చినవాళ్లు నమ్మరు. ముందురోజు రాత్రి వాన పడింది. దారి పక్కన రాలిన ఆకులు మెత్తగా పరుపులా ఉన్నాయి.

మావయ్యగారు వ్యవసాయం చేసిన మనిషి. కొండ సగం ఎక్కాక ఆగి, వంగి, ఆకులు పక్కకు తీసి కింద నల్లటి మట్టి ఒక గుప్పెడు తీశారు. వాసన చూశారు. "అమ్మాయ్, ఇది కాస్త నీ కరివేపాకు కుండీలో వేస్తే చూడు, ఎలా లేస్తుందో" అంటూ జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశారు.

"తాతయ్యా, నో! ఇక్కడ నుంచి ఏమీ తీసుకెళ్లకూడదు, బోర్డు ఉంది" అని మా పాప అరిచింది. మూడో తరగతి చదువుతోంది. రూలు అంటే రూలే. నిజమే, ఇక్కడి పార్క్స్ అండ్ ట్రీస్ చట్టం ప్రకారం రక్షిత అడవుల నుంచి అనుమతి లేకుండా మొక్కలే కాదు, మట్టి కూడా తేకూడదు. మావయ్యగారు మట్టి అక్కడే వదిలేసి చేయి దులుపుకున్నారు గానీ, కాస్త చిన్నబుచ్చుకున్నారు. "గుప్పెడు మట్టికి కూడానా?" అన్నారు.

ఆ గుప్పెడు మట్టి గురించే ఈసారి మీతో చెబుదామనుకున్నాను. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివిన నాకు ఆ రోజు ఆయన ప్రశ్నకి వెంటనే జవాబు తోచలేదు. తర్వాత రెండు నెలల్లో ఆ మట్టి మా ఇంట్లో చాలా కథ నడిపింది.

ముందు ఆ వాసన సంగతి. తొలకరి వానకి మన ఊళ్లో వచ్చే మట్టి వాసనే అడవిలో ఆకుల కింద ఎప్పుడూ ఉంటుంది. అది మట్టిది కాదు, బ్యాక్టీరియాది. ముఖ్యంగా స్ట్రెప్టోమైసిస్ అనే జాతి బ్యాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థం తయారుచేస్తుంది. దానికి ఆ పేరు పెట్టింది 1965లో. మన ముక్కు దాన్ని లక్ష కోట్ల వంతుల్లో కొద్ది వంతులున్నా పసిగట్టేస్తుంది. మరి బ్యాక్టీరియాకి ఈ సెంటు ఎందుకు? 2020లో వచ్చిన ఒక పరిశోధన దానికి అందమైన జవాబు చెప్పింది. మట్టిలో ఉండే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న చిన్న పురుగులు ఆ వాసనకి వచ్చి స్ట్రెప్టోమైసిస్‌ని తింటాయి. తిని, దాని బీజాలను ఒంటికి అంటించుకుని ఊరంతా పంచుతాయి. అంటే అది బ్యాక్టీరియా వేసే పేరంటం పిలుపు.

ఈ స్ట్రెప్టోమైసిస్ మన జీవితాల్లో చేసిన మేలు అంతా ఇంతా కాదు. క్షయకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో దీని నుంచే దొరికింది. భీమవరం వాళ్లకి ఇంకొక కథ ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే 70 ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త అక్కడ రకరకాల మట్టి నమూనాలు వెతుకుతూ ఉండేవారు. మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికింది. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ఈ సంగతి చెబితే మావయ్యగారు "మా ఊరాయనే!" అని పొంగిపోయారు. చట్టం మీద అలక కొంత తగ్గింది.

ఇక అసలు విషయం. రాలిన ఆకు మొక్కకి ఎలా మేలు చేస్తుంది?

ఆకు రాలే ముందే చెట్టు జాగ్రత్తపడుతుంది. పాత చీర పారేసే ముందు మనం జరీ అంచు విప్పి దాచుకున్నట్టు, ఆకు పండబారేటప్పుడు అందులోని నత్రజని, భాస్వరం కొంత వెనక్కి లాక్కుంటుంది. అందుకే పచ్చి ఆకు కంటే ఎండుటాకులో నత్రజని తక్కువ, కార్బన్ ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా తప్పు దగ్గర పనికొస్తుంది.

కింద పడ్డ ఆకు మీద మొదట వానకి కరిగిపోయే చక్కెరలు పోతాయి. తర్వాత చెదలు, రోకలిబండలు, వానపాములు దాన్ని ముక్కలు చేస్తాయి. ఆకుని గట్టిగా ఉంచే లిగ్నిన్‌ని విడదీయడం ఎక్కువగా శిలీంధ్రాల పని. ఆకుల కింద తెల్లటి దారాల్లా కనిపించేవి అవే. సెల్యులోజ్‌ని అరిగించడంలో బ్యాక్టీరియా కూడా చేయి వేస్తుంది. ఆకులోని ప్రొటీన్లు అమ్మోనియాగా మారతాయి. అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అప్పుడది వేరు పీల్చుకోవడానికి సిద్ధం.

ఇక్కడ వేడీ తేమా ఏడాది పొడవునా ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ పని ఆగదు. అమెరికాలో, కెనడాలో ఉండేవాళ్ల పెరట్లో అక్టోబరులో రాలిన ఆకు వసంతం దాకా మంచు కింద అలాగే పడి ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు. మనం అడవి పచ్చగా ఉంది కాబట్టి మట్టి బలంగా ఉందనుకుంటాం. ఇలాంటి వర్షాధార అడవుల్లో చాలాచోట్ల మట్టి నిజానికి పేదది. ఆస్తి అంతా చెట్లలోనూ, ఆ పలచటి ఆకుల పొరలోనూ ఉంటుంది. అందుకే సన్నటి వేర్లు లోపలికి కాకుండా పైకి, ఆకుల్లోకి పాకుతాయి. ఆ పొర నుంచి అందరూ తలా ఒక కవరు తీసుకెళితే ఏమవుతుందో మావయ్యగారికి అలా చెప్పాను. "రోజు కూలితో బతికే ఇంట్లోంచి బియ్యం తెచ్చుకున్నట్టు" అన్నారు ఆయనే.

కుళ్లబెట్టడమే కాదు, ఆ పొరలోని బ్యాక్టీరియా మొక్కకి ఇంకా కొన్ని సాయాలు చేస్తాయి.

మొదటిది, నత్రజని. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని ముట్టుకోలేదు. చిక్కుడు జాతి వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం సంగతి బడిలో చదువుకున్నాం. బుడిపెలు లేకుండా స్వేచ్ఛగా బతుకుతూ నత్రజని పట్టేవీ ఉన్నాయి. అజోటోబాక్టర్, ఉష్ణమండలపు ఆమ్ల నేలల్లో ఉండే బైజెరింకియా అలాంటివి. అవి కుళ్లే ఆకుల్లో కూడా కాపురం పెడతాయి.

రెండోది, భాస్వరం. ఇక్కడి పుల్లటి మట్టిలో భాస్వరం ఇనుముకీ అల్యూమినియానికీ అతుక్కుపోయి ఉంటుంది. కొన్ని బాసిల్లస్, సూడోమొనాస్ రకాలు ఆమ్లాలు వదిలి దాన్ని విడిపిస్తాయి. చింతపండుతో ఇత్తడి బిందె తోమితే చిలుము వదలదూ, దాదాపు అలాగే.

మూడోది, హార్మోన్లు. కొన్ని బ్యాక్టీరియా ఆక్సిన్ తయారుచేస్తాయి. దాంతో వేర్లకి కొత్త కొమ్మలు వస్తాయి. ఇంకొన్ని, మొక్క కష్టంలో ఉన్నప్పుడు తయారయ్యే ఇథిలీన్‌ని పుట్టకముందే తగ్గిస్తాయి. దాని వల్ల వేరు ఎదుగుదల ఆగిపోకుండా ఉంటుంది.

నాలుగోది, కాపలా. ఇనుమును ముందే పట్టేసుకుని, మందులు వదిలి, తెగులు తెచ్చే శిలీంధ్రాలకి చోటు లేకుండా చేస్తాయి.

ఇవన్నీ చదివిన ఉత్సాహంలో నేను చేసిన తప్పు చెబుతాను. మా బ్లాక్ పక్కన కమ్యూనిటీ గార్డెన్‌లో మాకు ఒక చిన్న మడి ఉంది. అక్కడ రాలిన ఎండుటాకులు రెండు సంచులు తెచ్చి, నలిపి, కరివేపాకు కుండీలో మట్టితో బాగా కలిపేశాను. అడవిలా అయిపోతుందనుకున్నాను. మూడు వారాలకి ఆకులన్నీ పసుపుపచ్చగా అయ్యాయి. అత్తయ్యగారు పొద్దున్నే చూసి "దిష్టి తగిలిందమ్మా" అన్నారు.

దిష్టి కాదు, నేనే. బ్యాక్టీరియాకి తిండి అరగాలంటే సుమారు 30 వంతుల కార్బన్‌కి ఒక వంతు నత్రజని ఉండాలి. ఎండుటాకులో కార్బన్ అంతకంటే చాలా ఎక్కువ. ఒక్కసారిగా అంత కార్బన్ దొరికేసరికి బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి, కావలసిన నత్రజనిని కుండీ మట్టిలోంచి లాగేసుకున్నాయి. మొక్క విస్తరి ముందు కూర్చుంది, వడ్డించేలోపు గిన్నెలు ఖాళీ. అడవిలో ఆకు పైన పరుచుకుని ఉంటుంది, ఎవరూ మట్టిలోకి కలపరు. తేడా అక్కడుంది. ఆకులు ఏరి తీసేసి, పైన మాత్రం రెండు వేళ్ల మందం పరిచి, కాస్త వేరుశనగ చెక్క నీళ్లు పోస్తే నెలకి కోలుకుంది.

మావయ్యగారు మాత్రం తన మాట వదల్లేదు. "మన దగ్గర జీవామృతంలో గుప్పెడు గట్టు మట్టి ఎందుకేస్తారు మరి?" అన్నారు. మంచి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వం నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అక్కడ వాడే జీవామృతంలో 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల ఆవుపేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి వేస్తారు. మట్టి మాత్రం గుప్పెడే. అది ఎరువు కాదు, తోడు. పెరుగు తోడు. చెంచాడు చాలు. కానీ పాలు ఉండాలి, గోరువెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో ఎంత మంచి తోడు వేసినా పెరుగు అవదు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణాలు చాలాసార్లు పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం. కుండీలో వాటికి తిండీ తేమా లేకపోతే, అప్పటికే ఉన్న సూక్ష్మజీవులు వాటిని బతకనివ్వవు. పైగా తోడు కోసం అడవిదాకా వెళ్లక్కర్లేదు. గ్రాము మామూలు తోట మట్టిలోనే కోట్లకొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి.

పాప "ప్రయోగం చేద్దాం" అంది. చేశాం. కొబ్బరి పొట్టు, ఇసుక కలిపి పాత కుక్కర్‌లో అరగంట ఉడికించాను. లాబ్‌లో ఆటోక్లేవ్ చేసే పని కూడా ఇదే, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీలకి వేడిచేయడం. తోటలో సగం కుళ్లిన ఆకుల్ని నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టాం. అందులో సగం నీళ్లు కుక్కర్‌లో పెట్టి చంపేశాం. ఆరు కప్పుల్లో పదేసి మెంతులు. మూడింటికి బతికున్న నీళ్లు, మూడింటికి చచ్చిన నీళ్లు. పద్దెనిమిది రోజులకి బతికున్న నీళ్లు పోసిన కప్పుల్లో రెండు కాస్త ఎత్తుగా, పచ్చగా ఉన్నాయి. మూడో కప్పులో నాలుగు మొలకలు మొదట్లో మెత్తబడి పడిపోయాయి. అంటే ఆ నీళ్లలో మేలు చేసేవీ ఉన్నాయి, కీడు చేసేవీ ఉన్నాయి. ఆరు కప్పులతో ఏదీ రుజువవదు. కానీ "బ్యాక్టీరియా గుడ్డా బ్యాడా?" అని అడిగే పాపకి ఆ మూడో కప్పు నా కంటే బాగా చెప్పింది.

ఆ పాఠం నాకే సరిగా ఎక్కలేదని డిసెంబరులో తెలిసింది. మూడు రోజులు విడవకుండా వాన. మావయ్యగారు తోటలో బురదలో చెప్పులు కూడా లేకుండా, ఉత్త చేతులతో ఆకులు పరిచి వచ్చారు. కాలి మడమ దగ్గర పగుళ్లు. ఆయనకి పన్నెండేళ్లుగా షుగరు. నాలుగో రోజు జ్వరం. క్లినిక్‌లో డాక్టరుగారు అడిగిన రెండో ప్రశ్న, "ఈమధ్య మట్టిలో పని చేశారా?" షుగరు ఉందని, బురదలో తిరిగారని చెప్పగానే ఆవిడ మమ్మల్ని ఆసుపత్రికి పంపారు. రక్తం కల్చర్‌కి తీశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పుస్తకంలో చదివిన పేరు. మెలియాయిడోసిస్.

ఇది కూడా మట్టి బ్యాక్టీరియా వల్ల వచ్చేదే. బర్ఖోల్డేరియా సూడోమల్లై. రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు దీని గురించి 1912లో మొదట రాశారు. ఆగ్నేయాసియాలో, ఉత్తర ఆస్ట్రేలియాలో, మన దేశంలో కూడా తడి మట్టిలో, నీళ్లలో ఉంటుంది. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరుస మరణాల వార్తల్లో ఈ పేరు మీరు వినే ఉంటారు. చర్మం మీద పగుళ్ల ద్వారా, భారీ వానల్లో గాలి తుంపరల ద్వారా ఒంట్లోకి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చాలామందికి ఏమీ కాదు. షుగరు ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. న్యుమోనియాలా రావచ్చు, గడ్డల్లా రావచ్చు. మందులున్నాయి, కానీ ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. దీని దగ్గరి చుట్టం ఒకటి, ఒకప్పుడు ఇదే ఇంటిపేరుతో ఉండేది, ఉల్లిపాయ వేర్లలో దొరికింది. అది మొక్కల్ని చక్కగా పెంచుతుంది. ఒకే కుటుంబంలో ఇలాంటివాళ్లు, అలాంటివాళ్లు.

కల్చర్ ఫలితం వచ్చేదాకా ఐదు రోజులు. లాబ్‌లో గ్లౌజులు లేకుండా ప్లేటు ముట్టుకోని నేను, ఇంటికొచ్చిన పెద్దాయన్ని ఉత్త కాళ్లతో బురదలోకి ఎలా పంపానో తలుచుకుంటూ ఆ ఐదు రాత్రులు నిద్రపోలేదు. మా వారు ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఐదో రోజు ఏమీ లేదని చెప్పారు. మామూలు వైరల్ జ్వరం. అత్తయ్యగారు దేవుడి దగ్గర దీపం పెట్టారు. నేను వెళ్లి నాలుగు జతల గ్లౌజులు, ఒక జత రబ్బరు బూట్లు కొన్నాను.

అందుకే ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి మన కుండీల్లో, తోటల్లో చేయి పెట్టే ఇళ్లన్నిటికీ నా మాట ఇది. గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. కోతలు, పగుళ్లు ఉంటే కట్టు కట్టి మూయండి. భారీ వాన రోజుల్లో షుగరు ఉన్నవాళ్లని మట్టి పనికి పంపొద్దు. తర్వాత మూడు వారాల్లో జ్వరం వస్తే మట్టి సంగతి డాక్టరుకి మీరే ముందు చెప్పండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఉండేవాళ్లు కొన్న మట్టి సంచి విప్పేటప్పుడు మాస్కు కూడా పెట్టుకోండి. అక్కడ ఆ సంచుల్లో లెజియోనెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది. సంచి మీదే ఆ హెచ్చరిక ఉంటుంది.

ఇక బాల్కనీలోనే ఆకు ఎరువు చేసుకునే పద్ధతి. అడుగున, పక్కల చిల్లులు పెట్టిన మూత బకెట్ తీసుకోండి. మూడు వంతుల ఎండుటాకులకి ఒక వంతు కూరగాయల తొక్కలు, టీ పొడి పిప్పి. అన్నం, కూర, నూనె వద్దు. పాత కుండీ మట్టి ఒక గుప్పెడు, అదే తోడు. పిండిన బట్ట అంత తడి చాలు. వారానికోసారి తిరగేయండి. అమ్మోనియా ఘాటు వస్తే ఆకులు ఎక్కువ వేయండి. మురుగు వాసన వస్తే నీళ్లు ఎక్కువైనట్టు. ఇక్కడి వేడికి మాకు మూడు నెలలు పట్టింది. కింద పెట్టిన ప్లేటులో నీళ్లు నిలవనివ్వకండి, డెంగీ దోమలకి అదే పుట్టిల్లు. తయారైన ఎరువు నల్లగా, పొడిపొడిగా, వానకి తడిసిన నేల వాసన వేస్తుంది. ఆ వాసన వచ్చిందంటే మన స్ట్రెప్టోమైసిస్ చుట్టాలు దిగారన్నమాట. కాండానికి తగలకుండా పైన పరచండి, కలపకండి.

ఫిబ్రవరిలో మావయ్యగారు వెళ్లిపోయే ముందురోజు మొదటి బకెట్ తెరిచాం. ఆయన గ్లౌజు వేసుకున్న చేత్తో గుప్పెడు తీసి ముక్కు దాకా తెచ్చారు. నేను చూస్తున్నానని గమనించి, చేయి కాస్త దూరం జరిపి వాసన చూశారు. "బుకిట్ తిమా వాసనే" అన్నారు.

"ఇది తీసుకెళ్లొచ్చు తాతయ్యా, మనదే" అంది పాప.

విమానంలో మట్టి తీసుకెళ్లడానికి కూడా రూల్స్ ఉంటాయని ఆయనకి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి చిన్నబుచ్చుకోలేదు. భీమవరం వెళ్లిన వారానికి ఫోటో పంపారు. పెరట్లో కొబ్బరి చెట్టు కింద ఎండుటాకుల పక్కన చిల్లుల బకెట్, దాని మీద ఆరేసిన గ్లౌజులు.